బాపు కూర్చోని తోట: ఎండలు మండే ఊర్లో హీలింగ్ గార్డెన్ ఎలా కట్టుకోవాలి?

నేను కమాన్‌పూర్ నుంచి మాట్లాడుతున్నా. మా ఊరి పేరు చెప్తే కొందరికి ఆదివరాహస్వామి గుడి గుర్తొస్తుంది, ఇంకొందరికి పక్కనున్న ఓపెన్‌కాస్ట్ గనులు గుర్తొస్తాయి. మొన్నటి ఎపిసోడ్ తర్వాత చాలామంది అడిగిన టాపిక్ ఇది. హీలింగ్ గార్డెన్ అంటే ఏంటి? మన రామగుండం, గోదావరిఖని ఎండల్లో అది పనిచేస్తుందా? ఇంట్లో పేషెంట్ ఉంటే ఎలా కట్టుకోవాలి?

దీనికి సమాధానం నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. నలభై వేలు పోగొట్టుకుని నేర్చుకున్నా. అందుకే ముందు ఆ కథ చెప్తా, తర్వాత సైన్స్‌లోకి వెళ్దాం.

నేను కట్టిన మొదటి తోట

రెండేళ్ల కింద మా బాపు బాత్‌రూంలో జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. డిశ్చార్జ్ చేసేటప్పుడు డాక్టర్ గారు ఒకటే మాట చెప్పారు: "రోజూ లేపండి, నడిపించండి, బయట కూర్చోబెట్టండి. మంచానికే అలవాటు పడితే కష్టం."

మా బాపు సింగరేణిలో అండర్‌గ్రౌండ్ కార్మికుడు. ముప్పై రెండేళ్లు బాయిలోకి దిగి ఎక్కిన మనిషి. ఇంటికొచ్చాక మంచం దిగనన్నాడు. ఆయన మంచం పక్కన కిటికీ ఉంది, అది పడమటి వైపు. దాంట్లోంచి ఆరడుగుల దూరంలో ప్లాస్టరింగ్ లేని ప్రహరీ గోడ తప్ప ఇంకేం కనపడదు. ఒకరోజు నేను పక్కన కూర్చుంటే అన్నాడు, "ముప్పై రెండేండ్లు బొగ్గు గోడ చూసిన. ఇప్పుడు ఈ గోడ చూస్తున్న."

ఆ మాట నాకు నిద్ర పట్టనియ్యలేదు. అప్పుడు నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నా. ఫోన్ తీసి హీలింగ్ గార్డెన్ అని వెతికా. ఎన్ని ఫొటోలో! పచ్చని లాన్, తెల్ల గులకరాళ్లు, స్టీల్ బెంచీ, పైన పాలికార్బనేట్ షీటు. సేమ్ టు సేమ్ దించేశా. ఇంటి వెనక, పడమటి వైపు ఖాళీ జాగాలో మొత్తం సిమెంట్ టైల్స్ పరిచి, మధ్యలో లాన్ వేసి, బెంచీ పెట్టా. ఇంటి ముందు ఒక పాత వేపచెట్టు ఉంది. ఆకులు రాలి వాకిలంతా చెత్తవుతుందని దాని కొమ్మలు కూడా కొన్ని కొట్టించా. ఫిబ్రవరిలో ఫొటోలు దిగాం. సూపర్ ఉంది అనుకున్నాం.

ఏప్రిల్ వచ్చింది. ఒక సాయంత్రం ఐదింటికి బాపును వాకర్‌తో అక్కడికి తీసుకెళ్లా. బెంచీ మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. "ఏందిరా ఇది, పెనం లెక్క కాల్తుంది. గీడ మనిషి కూసుంటడా?" అన్నాడు. వెనక్కి తిరిగి మెల్లగా నడుచుకుంటూ ఇంటి ముందుకు పోయి, నా బండి పార్క్ చేసే చోట, సగం కొట్టేసిన ఆ వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, నా తప్పు నాకు ఆ రోజే అర్థమైంది. యూజర్‌ని అడగకుండా ప్రొడక్ట్ తయారుచేశా. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది: మీ పేషెంట్ సాయంత్రం ఐదింటికి అక్కడ అరగంట హాయిగా కూర్చోగలడా? కూర్చోలేకపోతే ఎన్ని మొక్కలున్నా అది హీలింగ్ గార్డెన్ కాదు.

అసలు తోటకు జబ్బు తగ్గించే శక్తి ఉందా?

ఇక్కడ రెండు రకాల అతి ఉంటుంది. ఒకరు చెట్టే డాక్టర్ అంటారు. ఇంకొకరు ఇదంతా ఫొటోల కోసం అంటారు. నిజం మధ్యలో ఉంది.

ఈ విషయంలో అందరూ చెప్పే స్టడీ రోజర్ ఉల్రిచ్‌ది. 1984లో సైన్స్ అనే జర్నల్‌లో వచ్చింది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక హాస్పిటల్‌లో 1972 నుంచి 1981 వరకు గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయినవాళ్ల రికార్డులు తీశారు. 23 మంది కిటికీలోంచి చెట్లు కనిపించేవి. ఇంకో 23 మందికి ఇటుక గోడ కనిపించేది. వయసు, ఆరోగ్యం లాంటివి దగ్గరగా ఉన్నవాళ్లను జతలుగా పోల్చారు. ఆపరేషన్ తర్వాత చెట్లు చూసినవాళ్లు సగటున 7.96 రోజులు ఉన్నారు, గోడ చూసినవాళ్లు 8.70 రోజులు. చెట్లు చూసినవాళ్లు గట్టి నొప్పి మందులు కూడా తక్కువ వాడారు.

గోడ అనే మాట చదివినప్పుడు నాకు బాపు చెప్పింది గుర్తొచ్చింది. కానీ ఒకటి గమనించండి. ఇది 46 మంది మీద చేసిన చిన్న స్టడీ. తేడా ముప్పావు రోజు. అద్భుతమేం కాదు. కాకపోతే దీనికి మందు ఖర్చు లేదు, సైడ్ ఎఫెక్ట్ లేదు.

మన దగ్గరి కథ ఇంకా బాగా నేర్పిస్తుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అని ఉంది. 1912లో అక్కడ టీబీ శానటోరియం మొదలైంది. డెన్మార్క్‌కు చెందిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాని మొదటి సూపరింటెండెంట్. అప్పటికి టీబీకి మందు లేదు. శానటోరియం అంటే మంచి గాలి, వెలుతురు, విశ్రాంతి, తిండి, చుట్టూ చెట్లు. ఒకరకంగా చూస్తే బిల్డింగూ తోటా కలిసి చేసే వైద్యం అది.

తర్వాత మందులొచ్చాయి. మద్రాసులో ఒక పెద్ద పరీక్ష జరిగింది. కొందరు టీబీ పేషెంట్లను శానటోరియంలో పెట్టారు, కొందరికి అవే మందులు ఇచ్చి ఇంట్లోనే ఉంచారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇరుకు ఇంట్లో, పేదరికంలో ఉన్నా సరే, మందులు సరిగ్గా వాడినవాళ్లకు దాదాపు శానటోరియంలో ఉన్నవాళ్లంత బాగా తగ్గింది. టీబీని తగ్గించింది మందు.

కాబట్టి క్లియర్‌గా చెప్తున్నా. తోట మందుకు బదులు కాదు. బాపు ఎముకను అతికించింది సర్జన్. కానీ ఆ అతికిన ఎముకతో మనిషి మంచం దిగి నడవాలంటే బయట ఏదో ఒకటి పిలవాలి కదా. తోట చేసే పని అది.

మన ఎండ ఎలా పనిచేస్తుంది?

ఇప్పుడు అసలు ఇంజినీరింగ్. మీ ఫోన్‌లో వెదర్ యాప్ 44 అని చూపిస్తుంది. అది నీడలో, గాలి ఆడే పెట్టెలో పెట్టిన థర్మామీటర్ లెక్కలో చెప్పే గాలి వేడి. మన ఒంటికి తగిలేది అదొక్కటే కాదు. పైనుంచి సూర్యుడు, కింద నుంచి నేల, పక్క నుంచి గోడ, మూడూ కిరణాల రూపంలో వేడిని మన మీదికి పంపుతాయి. చలిమంట దగ్గర కూర్చున్నప్పుడు చుట్టూ గాలి చల్లగా ఉన్నా ముఖానికి సెగ తగులుతుంది చూడండి, అదే సంగతి.

నేను ఒక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొన్నా. కరోనా టైంలో కొన్న నుదుటి థర్మామీటర్ పనికిరాదు, దాని రేంజ్ తక్కువ. మే నెల మధ్యాహ్నం కొలిస్తే ఎండలో ఉన్న నా సిమెంట్ టైల్ 60 దాటింది. ఇంటి ముందు వేపచెట్టు కింద మట్టి 40 కూడా లేదు. ఒకే ఇల్లు, ఒకే టైము.

ఇంకో విషయం. టైల్, గోడ, స్లాబ్ పగలంతా వేడిని తాగి పెట్టుకుంటాయి. ఎండ తగ్గాక మెల్లగా వదులుతాయి. అందుకే సాయంత్రం ఐదింటికి గాలి కాస్త చల్లబడినా నా తోట మాత్రం పెనం లెక్కనే ఉంది. చెట్టు అలా చెయ్యదు. ఎండను పైనే ఆపుతుంది, ఆకుల్లోంచి నీటిని ఆవిరిగా వదులుతూ తాను మరీ వేడెక్కకుండా చూసుకుంటుంది. చెట్టు కింద గాలి వేడి ఒకటి రెండు డిగ్రీలే తగ్గొచ్చు. కానీ పైనుంచి, కింద నుంచి కొట్టే సెగ తగ్గుతుంది. మనకు చల్లగా అనిపించేది అందుకే.

సూర్యుడు ఎటు నుంచి వస్తాడు?

కమాన్‌పూర్ సుమారు 18.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఈ ఒక్క నంబర్‌తో సగం డిజైన్ అయిపోతుంది.

మే మధ్యలో ఒకసారి, జూలై ఆఖర్లో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. నిలువుగా పాతిన కర్రకు నీడే ఉండదు. అంటే మే నెల మధ్యాహ్నం ఎంత ఎత్తు గోడ కట్టినా నీడ రాదు. నీడ పైనుంచే రావాలి: చెట్టు, పందిరి, వరండా. డిసెంబర్‌లో మాత్రం మధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు, సుమారు 48 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుంది. ఆ ఎండ మనకు కావాలి.

ఇక ఎండాకాలం సాయంత్రం సూర్యుడు నేరుగా పడమట కాదు, కొంచెం ఉత్తరం వైపు జరిగి కుంకుతాడు. పందిరి కింద కూర్చున్నా పక్క నుంచి ముఖం మీదికి కొడతాడు. ఆ మూల ఒక చెట్టో తీగ తడకో ఉండాలి.

మా ఇల్లు తూర్పు ముఖం. మధ్యాహ్నం దాటాక ఇంటి నీడ వాకిలి మీద, అంటే తూర్పు వైపు పడుతుంది. నేను తోట కట్టింది పడమట. సాయంత్రం ఎండ మొత్తం దాని మీదే. బాపు వేపచెట్టు కిందికి ఎందుకు పోయాడో అర్థమైంది కదా? ఇంటి నీడ, చెట్టు నీడ, రెండూ కలిసే చోటు అదొక్కటే. మనిషికి లెక్క తెలియకపోయినా ఒంటికి తెలుస్తుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్న పద్ధతి ఇది. సాయంత్రం కుర్చీ తూర్పున, వేప కింద. ఎండాకాలం పొద్దున కుర్చీ పడమట, ఇంటి నీడలో. చలికాలం పొద్దున కుర్చీ వాకిట్లోకి, ఎండలోకి జరుపుతాం. అందుకే కుర్చీ సిమెంట్‌తో పాతేయకండి. జరపగలిగేలా ఉండాలి.

గాలి మంచిదే, కానీ ఎప్పుడు?

నెట్‌లో హీలింగ్ గార్డెన్ అని వెతికితే సింగపూర్‌లోని ఖూ టెక్ పువాట్ హాస్పిటల్ కనిపిస్తుంది. 2010లో మొదలైంది. పక్కనున్న చెరువు వైపు తెరుచుకునేలా కట్టి, గాలి లోపలికి ఆడేలా చేశారు. మేడ మేడకీ మొక్కలు. నిజంగా చాలా బాగుంటుంది. కానీ సింగపూర్‌లో ఏడాదంతా ఉక్కపోత, ఎంత గాలి ఆడితే అంత సుఖం. మన దగ్గర మే నెలలో అలా తెరిచిపెడితే వడగాలి నేరుగా పేషెంట్ మీదికి వస్తుంది.

మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే చల్లగా ఉంటే ఒంటి వేడిని తీసుకుపోతుంది. 44 డిగ్రీల గాలైతే తిరిగి మనకే వేడిని ఇస్తుంది. చెమట ఆరడం వల్ల కొంత చల్లబడతాం, కానీ పెద్దవాళ్లకు చెమట తక్కువ పడుతుంది. 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది కూడా ఇందుకే.

దీనికి మన పెద్దవాళ్ల దగ్గర ఎప్పుడో జవాబుంది: వట్టివేరు తడక. పడమటి వైపు కట్టి నీళ్లు చల్లితే, పొడి వడగాలి అందులోంచి దూరి చల్లబడి వస్తుంది, వాసన బోనస్. ఎయిర్ కూలర్ చేసేది అదే పని. కానీ ఇది పొడి గాలి ఉన్నప్పుడే పనిచేస్తుంది. జూలైలో వానలు పడ్డాక గాలిలోనే తేమ నిండి ఉంటుంది, తడక తడిపితే ఉక్క ఇంకా పెరుగుతుంది. అప్పుడు అదే పడమటి గాలి మనకు చల్లగా, హాయిగా ఉంటుంది. కాబట్టి తడక చుట్టి పైకి కట్టేసేలా ఉండాలి. ఎండాకాలం దించు, వానాకాలం ఎత్తు. గోడ కట్టేస్తే ఈ అవకాశం పోతుంది.

ఒక జాగ్రత్త. ఎర్ర అలర్ట్ ఉన్న రోజు పదకొండు నుంచి సాయంత్రం నాలుగున్నర వరకు ఏ తోటలోకీ పేషెంట్‌ను తీసుకెళ్లొద్దు. ఎంత మంచి నీడైనా సరే. ఆ టైంలో తోట పని కిటికీలోంచి కనపడటమే.

కిటికీ ముందు తోట

మంచం మీదున్నవాళ్లకు కిటికీయే తోట. ముందు పేషెంట్ మంచం మీద పడుకుని, దిండు మీద తల పెట్టి, మీరే చూడండి. నిలబడి చూసేది వేరు, పడుకుని చూసేది వేరు. నేను కింద అంత లాన్ వేశా, మంచం మీద నుంచి ఒక్క గడ్డిపోచ కనపడలేదు!

ఇప్పుడు కిటికీకి రెండడుగుల దూరంలో వెదురు బద్దలతో పందిరి కట్టా. ఎండాకాలం బీర, కాకర ఎక్కిస్తాం. చలికాలం చిక్కుడు. పడమటి ఎండ కిటికీలోకి రాకుండా ఆగింది, గది వేడి తగ్గింది. పువ్వుకు తేనెటీగలొస్తాయి, పిచ్చుకలొస్తాయి. ఇంకో లాభం ఉంది, అది నేను ప్లాన్ చేసింది కాదు. బాపు పడుకుని కాయలు లెక్కపెడతాడు. "ఆ మూలకున్న బీరకాయ ముదురుతుంది, తెంపుర్రి" అంటాడు. మేం సరిగ్గా చూడట్లేదని ఒకరోజు తానే లేచాడు.

దుమ్ము సంగతి

మన దగ్గర ఇది తప్పదు. లారీల దుమ్ము, బొగ్గు పొడి, ఓబీ గుట్టల మీద నుంచి గాలికి లేచే మట్టి. సింగరేణి ఆ గుట్టల మీద మొక్కలు నాటేది కూడా మట్టి జారకుండా, లేవకుండా ఉండాలనే.

ఇంట్లో మనం చేయగలిగింది ఏంటంటే, రోడ్డు వైపు రెండు వరసల పచ్చ కంచె. ముందు వరస నేల నుంచే గుబురుగా ఉండాలి: మైదాకు, మందారం. వెనక వరస కానుగ లాంటి చెట్టు. గాలి ఆకుల సందుల్లోంచి మెల్లగా దూరుతూ దుమ్మును అక్కడే వదిలేస్తుంది. వారానికోసారి ఆకుల మీద నీళ్లు కొట్టాలి, లేకపోతే ఆ దుమ్మే మళ్లీ లేస్తుంది. పొడి చీపురుతో ఊడ్చేటప్పుడు పేషెంట్ అక్కడ ఉండొద్దు. వాకిట్లో సాన్పి చల్లే అలవాటు ఊరికే రాలేదు, దుమ్ము అణగడానికి అంతకంటే చవకైన ఉపాయం లేదు.

కంచె దుమ్మును తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లు చలికాలం తెల్లారుజామున బయట కూర్చోవద్దు. నేల దగ్గర చల్లగాలి మూతలా పట్టి పొగను, దుమ్మును కిందే ఆపేస్తుంది. ఎండ వచ్చి అది విడిపోయాక బయటికి రావాలి.

నేల, కుర్చీ, దారి

టైల్స్ సగానికి పైగా పీకించేశా. నడిచే దారి మాత్రం ఉంచా, మిగతాది మట్టి, మొక్కలు. దారి వెడల్పు కనీసం మూడడుగులు ఉండాలి. వీల్‌చైర్ తిరగాలంటే ఒక చోట ఐదడుగుల గుండ్రని జాగా ఉండాలి. గడప దగ్గర మెట్టు ఉంటే ర్యాంప్ కట్టండి: అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. ఇది ఎక్కువ అనిపిస్తుంది కానీ నిటారుగా కట్టిన ర్యాంప్ మెట్టు కంటే ప్రమాదం. నున్నగా పాలిష్ చేసిన బండ వద్దు, తడిస్తే జారుతుంది. గరుకు షాబాద్ బండ చాలు.

కుర్చీ ఎత్తు పద్దెనిమిది నుంచి ఇరవై అంగుళాలు. తుంటి, మోకాలు ఆపరేషన్ అయినవాళ్లు తక్కువ ఎత్తు దాని మీద కూర్చుంటే లేవలేరు. వాళ్లకు సరిపోయే ఎత్తు ఫిజియోథెరపిస్ట్‌ను అడగండి. చేతులు ఆనించుకునే పట్టీలు తప్పనిసరి. స్టీల్ వద్దు, గ్రానైట్ వద్దు. చెక్క లేదా నవారు. దారిలో ఇరవై అడుగులకొక కూర్చునే చోటు పెట్టండి. "అక్కడిదాకా పోతే కూర్చోవచ్చు" అనే ధైర్యం ఉంటేనే వాకర్ పట్టుకున్న మనిషి మొదటి అడుగు వేస్తాడు.

ఏ మొక్కలు? ఏవి వద్దు?

హీలింగ్ గార్డెన్ అనగానే చాలామంది ఔషధ మొక్కల తోట అనుకుంటారు. మా పక్కనే రామగిరి గుట్టలున్నాయి, ఔషధ మొక్కలకు పేరున్న చోటు. అక్కడి నుంచి పీక్కొచ్చి ఇంట్లో పెట్టుకుందామని అడిగినవాళ్లున్నారు. దయచేసి వద్దు. అడవిలో బతికేది కుండీలో చచ్చిపోతుంది, గుట్ట కూడా ఖాళీ అవుతుంది. పైగా ఇక్కడ మనకు పనికొచ్చేది మొక్క ఇచ్చే మందు కాదు, మొక్క ఇచ్చే నీడ, వాసన, కదలిక.

నీడకు వేప, కానుగ బెస్ట్. రెండూ ఆకు రాల్చేది ఎండలు ముదరకముందే, ఏప్రిల్, మే కల్లా కొత్త ఆకుతో గుబురుగా ఉంటాయి. మనకు కావలసిన టైంకే నీడ. తొలకరి పడ్డాక నాటండి. నీడ రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది, అప్పటిదాకా తాటాకు పందిరి, తీగలు. రేకుల షెడ్డే ఉంటే కింద కాస్త ఎడం వదిలి తడకలు కట్టండి, రేకు సెగ నేరుగా తలకు తగలదు. వాసనకు మల్లె, మరువం, తులసి.

వద్దు అనేవి కూడా రాసుకోండి. గన్నేరు, పచ్చగన్నేరు చూడ్డానికి బాగుంటాయి కానీ మొక్క మొత్తం విషం. పిల్లలు, మతిమరుపు ఉన్న పెద్దవాళ్లు తిరిగే చోట అస్సలు వద్దు. ఏడాకుల పాల చెట్టు పూసినప్పుడు ఘాటు వాసనతో తలనొప్పి, ఆయాసం వస్తున్నాయని చాలామంది అంటారు. కోనోకార్పస్‌ను నాటొద్దని తెలంగాణలో ప్రభుత్వమే చెప్పింది. వయ్యారిభామ కనిపిస్తే పూత రాకముందే, చేతికి గ్లౌజు వేసుకుని పీకేయండి.

నీళ్ల శబ్దం మనసుకు బాగుంటుంది, నిజమే. కానీ నిలిచిన నీళ్లంటే డెంగీ దోమ. ఆ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం, పది రోజులు చాలు. కాబట్టి పక్షులకు పెట్టే మట్టి గిన్నె అయినా సరే వారానికోసారి పూర్తిగా పారబోసి, రుద్ది కడిగి, ఎండబెట్టండి. మొక్కలకు స్నానం నీళ్లు మళ్లించుకోవచ్చు, చెట్లకు పోయండి, ఆకుకూరలకు వద్దు.

హాస్పిటల్ బయట కూర్చున్నవాళ్లు

చివరగా ఒక మాట. బాపు ఆపరేషన్ అప్పుడు మేం ఉన్న హాస్పిటల్ పేరు చెప్పను. అక్కడ ముందు భాగమంతా కాంక్రీట్. మే నెల. అమ్మ తొమ్మిది రోజులు మెట్ల మీద కూర్చుంది. నీడ ఎటు జరిగితే అటు జరిగేది. ఆమెతోపాటు ఇంకా ఎంతమందో. టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, టవల్ నెత్తి మీద వేసుకుని. పేషెంట్‌కు లోపల బెడ్ ఉంది. బయట ఎదురుచూసే మనిషికి ఏముంది?

ఆర్కిటెక్చర్ అంటే బిల్డింగ్ ఒక్కటే అనుకుంటాం. బిల్డింగ్‌కు, గేట్‌కు మధ్య జాగాను ఏం చేశామన్నది కూడా ఆర్కిటెక్చరే. కొత్త హాస్పిటల్స్ వస్తున్నాయి, రామగుండంలో 2022లో మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. ఏ ఊర్లో ఏ హాస్పిటల్ కట్టినా ముందు జాగాలో ఐదు కానుగ చెట్లు, వాటి చుట్టూ అరుగులు, ఒక తాగునీటి కుండ అడగొచ్చు. మీ సర్పంచ్‌ను అడగండి, కౌన్సిలర్‌ను అడగండి. కార్ పార్కింగ్‌కు జాగా దొరికినప్పుడు అటెండర్‌కు నీడ దొరకదా?

ఇంట్లో మొదలుపెట్టేవాళ్లకు వరస చెప్పి ముగిస్తా. మొదటి రోజు ఏం కొనకండి. ఒక కుర్చీ తీసుకుని పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఐదింటికి ఇంటి చుట్టూ నాలుగు వైపులా పది నిమిషాలు కూర్చోండి. ఎక్కడ హాయిగా ఉందో రాసుకోండి. ఆ చోటే మీ తోట. తర్వాత నీడ, తర్వాత కుర్చీ, తర్వాత దారి. పూలమొక్కలు ఆఖరున. నేను సరిగ్గా దీనికి ఉల్టా చేశా, అందుకే నలభై వేలు పోయాయి.

బాపు ఇప్పుడు వాకర్ లేకుండా, చేతికర్రతో నడుస్తున్నాడు. అది తోట వల్లే అని నేను చెప్పను. ఫిజియోథెరపీ ఉంది, మందులున్నాయి, అమ్మ ఉంది. కానీ సాయంత్రం నాలుగున్నర దాటితే ఎవరూ చెప్పకుండానే లేస్తాడు. వేపచెట్టు కింద ఆయన పాత దోస్తులు ఇద్దరు ముగ్గురు వస్తారు, బాయి ముచ్చట్లు నడుస్తాయి. నేను కొట్టించిన చోట కొమ్మలు మళ్లీ చిగురేశాయి. మొన్న నేను కత్తి తీసుకుని పొయ్యిలోకి ఎండుపుల్లలు కొడదామని చెట్టు దగ్గరికి పోతే, బాపు కుర్చీలోంచే కేకేశాడు: "దాని జోలికి పోకు బిడ్డా. నీ కంప్యూటర్ సంగతి నువ్వు చూస్కో."

సరే ఫ్రెండ్స్, ఇవాళ్టికి ఇంతే. ఎండలు ముదురుతున్నాయి, ఇంట్లో పెద్దవాళ్లు జాగ్రత్త. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.